సుగంధ మొక్కల తైలం: తీయడం నుంచి మందుగా వాడుకోవడం వరకు ఒక సమగ్ర మార్గదర్శి

తైలం అన్న మాట తిలల నుంచి, అంటే నువ్వుల నుంచి పుట్టింది. అందుకే ఆ మాట వినగానే మనకు నువ్వుల నూనెలో మూలికలు వేసి, సన్నని సెగ మీద గంటల తరబడి కాచి వడగట్టిన ఆయుర్వేద తైలమే గుర్తుకు వస్తుంది. ఈ మార్గదర్శిలో చెప్పబోయే తైలం వేరు. ఇది మొక్క ఆకులోనో, వేరులోనో, గింజలోనో చిన్న చిన్న గ్రంథుల్లో దాగి, గాలి తగిలితే ఎగిరిపోయే సుగంధ ద్రవం. రెండింటికీ తేడా తెలియాలంటే ఒక కాగితం ముక్క చాలు: కాచిన తైలం చుక్క వేస్తే మరక అలాగే ఉండిపోతుంది, నిమ్మగడ్డి తైలం చుక్క వేస్తే కొన్ని గంటల్లో ఆరిపోయి దాదాపు జాడ లేకుండా పోతుంది.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, కాచిన తైలాన్ని దోసిట్లో పోసుకుని ఒళ్ళంతా మర్దన చేసుకునే అలవాటుతోనే చాలామంది సుగంధ తైలాన్నీ వాడబోతారు. లెక్క వేసి చూద్దాం. కిలో పచ్చి నిమ్మగడ్డి నుంచి వచ్చే తైలం 3 నుంచి 5 మిల్లీలీటర్లు. మిల్లీలీటరుకు ఇరవై చుక్కలు అనుకుంటే ఒక్క చుక్క తైలంలో ఇంచుమించు పన్నెండు గ్రాముల గడ్డి సారం ఉన్నట్టు. టీలో మనం వేసుకునే రెండు మూడు ఆకుల నుంచి నీళ్ళలోకి దిగే తైలం ఇందులో చాలా చిన్న భాగం. కనుక "మా తాతల కాలం నుంచి తాగుతున్నాం, ఏమీ కాలేదు" అన్న మాట ఆకుకు చెల్లుతుంది, తైలానికి చెల్లదు.

మొదటి మెట్టు: మొక్కను, అందులోని పదార్థాన్ని గుర్తించడం

మందు గుణం మొక్క పేరులో ఉండదు, ఆ మొక్క తయారుచేసే పదార్థంలో ఉంటుంది. నిమ్మగడ్డి తైలంలో 70 నుంచి 80 శాతం, మంచి రకాల్లో అంతకన్నా ఎక్కువ, సిట్రాల్ ఉంటుంది. దాని పని ప్రధానంగా బూజును, శిలీంధ్రాలను అదుపు చేయడం. పామరోజా గడ్డి చూడటానికి నిమ్మగడ్డికి చెల్లెలిలా ఉన్నా దాని తైలంలో ముప్పాతిక వంతుకు పైగా జెరానియాల్ ఉంటుంది, అందుకే అది గులాబీ వాసన వేస్తుంది. ఒకప్పుడు ఈ తైలం బొంబాయి రేవు నుంచి టర్కీకి వెళ్ళి, గులాబీ అత్తరులో కల్తీగా కలిసేది. తులసిలో యూజినాల్ ముఖ్యం, లవంగం వాసన కూడా దానిదే. వాములో థైమాల్, వట్టివేరులో ఖుసిమాల్, దవనంలో దవనోన్.

వీటిలో తులసి, వట్టివేరు, పామరోజా, తూర్పు ఇండియా రకం నిమ్మగడ్డి ఈ నేలవే. వాము మధ్యధరా ప్రాంతం వైపు నుంచి వచ్చినా వికారాబాద్, కర్నూలు వైపు నల్లరేగడిలో ఎంతో కాలంగా పండుతోంది కాబట్టి మనదే అనుకోవచ్చు; గుంటూరు దగ్గరి లాం పరిశోధన స్థానం దీనిలో ప్రత్యేకంగా రకాలను కూడా విడుదల చేసింది. మనం జామాయిల్ అని పిలిచే యూకలిప్టస్ మాత్రం ఆస్ట్రేలియా చెట్టు. ఇంకొక అపోహనూ ఇక్కడే తీర్చాలి: శేషాచలం అడవుల ఎర్రచందనంలో సుగంధ తైలం దాదాపు లేదు. దానికి ఆ విలువ రంగు వల్ల, కొయ్య వల్ల వచ్చింది. పరిమళం ఇచ్చేది వేరే చెట్టైన శ్రీగంధం. "ఎర్రచందనం ఎసెన్షియల్ ఆయిల్" అని ఎవరైనా సీసా చూపిస్తే నమస్కారం పెట్టి వచ్చేయడమే.

ఇంట్లో తైలం తీయడానికి నిమ్మగడ్డిని మించినది లేదు. తైలం బాగా వస్తుంది, నీటి మీద తేలుతుంది, పొరపాటు జరిగినా నష్టం తక్కువ. వాము రెండవది. తులసిలో తైలం చాలా తక్కువ. పచ్చి ఆకులో కిలోకు ఒకటి నుంచి మూడు మిల్లీలీటర్లే వస్తుంది కాబట్టి పెరటి కోటలోని తులసి దీనికి చాలదు. వట్టివేరు జోలికి ఇంట్లో పోవద్దు. దాని తైలం బరువైనది, దాదాపు నీటి సాంద్రతకు దగ్గరగా ఉంటుంది, పూర్తిగా రావడానికి పద్దెనిమిది ఇరవై గంటల ఆవిరి కావాలి.

రెండవ మెట్టు: కోత

నిమ్మగడ్డిని నేల నుంచి జానెడు కంటే కొంచెం తక్కువ ఎత్తులో, అంటే పది పదిహేను సెంటీమీటర్లు వదిలి కోయాలి. వాన పడిన మర్నాడు కోయకండి. రెండు మూడు రోజులు ఎండ కాసిన తరువాత, మంచు ఆరిన ఉదయం పూట కోసినప్పుడు తైలం బాగుంటుంది. కోసిన గడ్డిని నీడలో ఒక రోజు వడలనిస్తే తేమ తగ్గి, అదే పాత్రలో ఎక్కువ గడ్డి పడుతుంది. ఎండలో ఆరబెడితే తైలం గాలిలో కలిసిపోతుంది. పెరడంతా వచ్చే ఆ కమ్మటి వాసన మీరు పోగొట్టుకుంటున్న తైలమే. తులసిని పూత నిండుగా ఉన్నప్పుడు కోస్తారు. వాము గింజను మాత్రం ముందుగా కోసి పెట్టుకోవచ్చు, ఎందుకంటే దాని తైలం గింజ లోపలి సన్నని గొట్టాల్లో భద్రంగా ఉంటుంది. అందుకే తైలం తీయడానికి సరిగ్గా పది నిమిషాల ముందు కచ్చాపచ్చాగా దంచాలి, రాత్రి దంచి పెట్టుకోకూడదు.

మూడవ మెట్టు: ఆవిరితో తైలం తీయడం

సిట్రాల్ మరిగేది 229 డిగ్రీల దగ్గర. అయినా అది నీటి ఆవిరితో కలిసి వంద డిగ్రీలలోపే బయటికి వస్తుంది. ఒకదానిలో ఒకటి కరగని రెండు ద్రవాలను కలిపి వేడి చేస్తే రెండింటి ఆవిరి పీడనాలు కూడి, ఆ మిశ్రమం నీటి కంటే తక్కువ వేడికే మరుగుతుంది. ఆవిరి స్వేదనం మొత్తం ఈ ఒక్క సూత్రం మీదే నడుస్తుంది, పల్లెల్లో టన్నుల గడ్డి పట్టే యూనిట్ అయినా, మన వంటింటి కుక్కరైనా.

కావలసినవి: పది లీటర్ల స్టీలు ప్రెషర్ కుక్కర్, లోపల గడ్డిని నీటికి పైన నిలిపే చిల్లుల గిన్నె లేదా జల్లెడ, రెండు మూడు మీటర్ల సన్నని స్టీలు గొట్టం (చుట్టలుగా వంచినది), కుక్కర్ మూత నాళాన్ని ఈ గొట్టానికి కలపడానికి బెత్తెడు ఆహార యోగ్యమైన సిలికాన్ ట్యూబు, చల్లని నీళ్ళ బకెట్, పొడుగు మెడ గాజు సీసా. మామూలు రబ్బరు, ప్లాస్టిక్ గొట్టాలు పనికిరావు. తైలం వాటిని కరిగించి, వాటి వాసనను తనలోకి తీసుకుంటుంది. గ్యాస్ పొయ్యి కంటే ఇండక్షన్ స్టవ్ మేలు, ఎందుకంటే తైలం ఆవిరి మంట అంటుకునే గుణం కలది.

కుక్కర్‌లో రెండున్నర లీటర్ల నీళ్ళు పోసి, చిల్లుల గిన్నెలో రెండంగుళాల ముక్కలుగా కోసిన గడ్డిని కిలో వరకు వదులుగా సర్దండి. గడ్డి మూతకు తగలకూడదు. మూత నాళంపై వెయిట్ పెట్టకూడదు. ఆ నాళానికే సిలికాన్ ట్యూబు తొడగాలి. ఇక్కడ పీడనంతో మనకు పని లేదు, ఆవిరికి దారి తెరిచి ఉండటమే కావాలి. నా మొదటి ప్రయత్నంలో గడ్డిని కూరి కూరి పెట్టాను. సన్నని ఆకు ముక్క ఒకటి పైకి లేచి నాళంలో ఇరుక్కుంది. పది నిమిషాలు చుక్క రాలేదు, తరువాత సేఫ్టీ వాల్వు ఊడి ఆవిరి పైకప్పును తాకింది. ఎవరికీ ఏమీ కాలేదు కానీ, ఆ రోజు నుంచి గడ్డి మీద ఒక స్టీలు జాలీ కప్పకుండా మూత పెట్టలేదు. ఆవిరి రావలసిన సమయానికి రాకపోతే వెంటనే స్టవ్ ఆపాలి, గొట్టం ఊదిచూడటం వంటి పనులు చల్లారిన తరువాతే.

నీళ్ళు మరిగాక వేడి తగ్గించండి. గొట్టం చివర నుంచి చుక్కలు వరుసగా, సన్నని ధార కాబోయే ముందు స్థితిలో పడాలి. ధారగా పడుతుంటే వేడి ఎక్కువైనట్టు. బకెట్ నీళ్ళు గోరువెచ్చనైతే మార్చాలి. సీసాలో పడేది మొదట పాలలా తెల్లగా ఉంటుంది, పావుగంటకు మెడ దగ్గర లేత పసుపు రంగు వలయం ఏర్పడుతుంది. అదే తైలం. ఎక్కువ భాగం మొదటి గంటలోనే వచ్చేస్తుంది. లీటరు నీరు దిగగానే ఆపండి. ఇంకా లాగితే అడుగు మాడి, ఆ మాడు వాసన తైలాన్నంతా పాడుచేస్తుంది.

వాముకు ఒక మెళకువ ఉంది. దాని తైలంలో 35 నుంచి 60 శాతం థైమాల్ ఉంటుంది, థైమాల్ యాభై డిగ్రీల దగ్గర కరిగే పదార్థం. బకెట్‌లో ఐసు వేస్తే గొట్టం లోపలే అది పటికబెల్లం పలుకుల్లా గడ్డకట్టి దారి మూసేస్తుంది. నీళ్ళు గోరువెచ్చగానే ఉంచాలి. చల్లారిన తరువాత సీసా అడుగున తేటగా మెరిసే ఆ పలుకులనే మన వాళ్ళు వాము పువ్వు అంటారు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు మన వాము జర్మనీకి ఎగుమతి అయ్యేది ఈ పలుకుల కోసమే. వాము తైలం తగిలే చోట ఇనుము ఉండకూడదు, రంగు నల్లబడుతుంది.

నాలుగవ మెట్టు: వేరుచేయడం, నిల్వ

సీసాను ఒక రాత్రి కదపకుండా ఫ్రిజ్‌లో ఉంచి, మర్నాడు పై పొరను గాజు డ్రాపర్‌తో తీసుకోండి. అడుగున మిగిలిన నీటిని అర్కు అంటారు. అందులో కరిగిన కొద్దిపాటి తైలం వల్ల వాసన ఉంటుంది, గదిలో చల్లడానికి, కాళ్ళు కడుక్కోవడానికి పనికివస్తుంది. ఫ్రిజ్‌లో ఉంచినా రెండు వారాల్లో వాడేయాలి. తీసిన తైలాన్ని కాఫీ రంగు గాజు సీసాలో అంచుల దాకా నింపి, మొక్క పేరు, తీసిన తేదీ, గడ్డి ఎంత, తైలం ఎంత వచ్చింది అన్నది కాగితంపై రాసి అంటించండి. ఆ లెక్క రెండు మూడు కోతలు రాసుకున్నాక మీ గడ్డి ఏ నెలలో ఎంత ఇస్తుందో పుస్తకాల కంటే మీకే బాగా తెలుస్తుంది.

ఐదవ మెట్టు: కొన్న తైలమైతే

సీసా మీద మొక్క శాస్త్రీయ నామం, ఏ భాగం నుంచి తీశారు, బ్యాచ్ సంఖ్య ఉండాలి. తైలంలో ఏ పదార్థం ఎంత శాతం ఉందో చూపే జీసీ-ఎంఎస్ నివేదిక అడిగితే మంచి వ్యాపారి ఇస్తాడు. అందులో నిమ్మగడ్డికి సిట్రాల్ శాతం, పామరోజాకు జెరానియాల్ శాతం చూసుకోవాలి. తైలాన్ని మీరే తీసినా పరీక్ష చేయించుకోవచ్చు: 1959లో ఏర్పడి, లక్నో కేంద్రంగా పనిచేసే సీమ్యాప్ అనే కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల పరిశోధన సంస్థకు హైదరాబాద్ బోడుప్పల్‌లో పరిశోధన కేంద్రం ఉంది. ఇంట్లో చేయగలిగింది మొదట చెప్పిన కాగితం పరీక్షే. నూనె మరక మిగిలితే అందులో చవక నూనె కలిసినట్టు. వట్టివేరు, శ్రీగంధం వంటి బరువు తైలాలకు మాత్రం ఈ పరీక్ష పనిచేయదు, అవి శుద్ధమైనవైనా చాలాసేపు మరకగానే ఉంటాయి. కృత్రిమ సిట్రాల్ కలిపితే కాగితమూ పట్టుకోలేదు.

ఆరవ మెట్టు: పలుచన

ఏ సుగంధ తైలాన్నీ నేరుగా చర్మానికి రాయకూడదు. నువ్వుల నూనెలో గానీ కొబ్బరి నూనెలో గానీ కలపాలి. నీళ్ళలో కలపకూడదు, ఎందుకంటే అది కరగదు. స్నానపు నీళ్ళలో వేసిన చుక్కలు పైన తేలుతూ వచ్చి సున్నితమైన చోట అచ్చంగా అంటుకుని మండిస్తాయి.

చుక్కల లెక్క డ్రాపర్‌ను బట్టి మారుతుంది. మీ డ్రాపర్‌తో 1 మిల్లీలీటరుకు ఎన్ని చుక్కలు పడతాయో మందుల షాపులో దొరికే సిరంజితో ఒకసారి కొలిచి రాసుకోండి. మిల్లీలీటరుకు ఇరవై చుక్కలు వచ్చే డ్రాపర్ అయితే 30 మిల్లీలీటర్ల నూనెలో ఆరు చుక్కలు వేస్తే 1 శాతం. పెద్దవారి ఒంటికి సాధారణంగా 1 నుంచి 2 శాతం, ముఖానికి అందులో సగం. కానీ ఈ సాధారణ లెక్క నిమ్మగడ్డికి వర్తించదు. సిట్రాల్ చర్మాన్ని రేపి ఎలర్జీ తెప్పించే గుణం కలది కాబట్టి నిమ్మగడ్డి తైలం 0.7 శాతం దాటకూడదని సుగంధ తైలాల భద్రత నిపుణులు చెబుతారు. అంటే 30 మిల్లీలీటర్ల నూనెలో నాలుగు చుక్కలు. వాము తైలాన్ని నేను 1 శాతం దాటనివ్వను. ఎక్కువ వేస్తే ఎక్కువ పనిచేస్తుందన్న ఆశ ఇక్కడ చర్మం మీద మంటగా తేలుతుంది.

బలం ఎంత తక్కువ చాలో చెప్పే ఉదాహరణ మన బాత్‌రూమ్ అలమరాలోనే ఉంది: లిస్టరిన్ మౌత్‌వాష్‌లో ఉండే థైమాల్ కేవలం 0.064 శాతం.

ఏడవ మెట్టు: చర్మ పరీక్ష

కలిపిన నూనెను ఒక చుక్క మోచేతి లోపలివైపు రాసి, ప్లాస్టర్ అంటించి ఒక రోజు నీళ్ళు తగలనివ్వకుండా ఉంచండి. ఎర్రబడినా, దురద పెట్టినా ఆ తైలం మీకు సరిపడదు. మొదటి రోజు ఏమీ కాకపోయినా మర్నాడు కూడా చూసుకోవాలి, ఎలర్జీ ఆలస్యంగా బయటపడుతుంది. ఒకసారి ఒక తైలానికి ఒళ్ళు ఎదురుతిరిగితే ఆ పదార్థం ఉన్న సబ్బు, షాంపూ, అగరుబత్తి వరకు జీవితాంతం ఇబ్బంది పెట్టే అవకాశం ఉంది. అందుకే ఈ మెట్టును దాటవేయకూడదు.

ఎనిమిదవ మెట్టు: ఏ బాధకు ఏది

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. గాజు పాత్రలో సూక్ష్మజీవులను చంపిందని రుజువైన తైలం మనిషి ఒంట్లో జబ్బును నయం చేస్తుందని రుజువైనట్టు కాదు. పాత్రలో క్రిమి మీద తైలం గంటల తరబడి కదలకుండా ఉంటుంది. ఒంట్లోకి వెళ్ళింది కాలేయం దాటేసరికి రూపమే మారిపోతుంది. కనుక మనుషుల మీద చేసిన పరీక్షలు ఉన్న చోట ఒక తూకం, లేని చోట ఇంకో తూకం.

శోభి మచ్చలు. మెడ మీద, వీపు మీద వానాకాలంలో వచ్చే ఈ మచ్చలకు కారణం చర్మం మీది ఒక శిలీంధ్రం. నిమ్మగడ్డి తైలం కలిపిన షాంపూ, క్రీములను శిలీంధ్రాలకు వాడే కెటోకోనజోల్ మందుతో పోల్చుతూ బ్రెజిల్ పరిశోధకులు చేసిన పరీక్ష 2013లో ప్రచురితమైంది. అందులో నిమ్మగడ్డి వాడినవారిలో 60 శాతం మందికి, కెటోకోనజోల్ వాడినవారిలో 80 శాతానికి పైగా శిలీంధ్రం పోయింది. ఈ అంకెలు నాకు రెండు విషయాలు చెబుతాయి: మన గడ్డికి నిజంగా శక్తి ఉంది, మందుల షాపులోని మందుకు అంతకంటే ఎక్కువ ఉంది. కాబట్టి మచ్చ కొత్తది, చిన్నది అయితే నాలుగు చుక్కల పలుచనను రోజుకు రెండుసార్లు రాసి మూడు వారాలు చూడవచ్చు. తగ్గకపోతే చర్మ వైద్యుడే దిక్కు. గజ్జి, తామరను దీనితో మొదలుపెట్టవద్దు. గజ్జికి కారణం శిలీంధ్రం కాదు, చర్మంలో బొరియ చేసే పురుగు. దానికి మందు వేరు.

చిగుళ్ళు, నోటి దుర్వాసన. మన దేశంలోని దంత వైద్యులు 0.25 శాతం నిమ్మగడ్డి తైలం ఉన్న పుక్కిలి మందును, దంత వైద్యులు మామూలుగా రాసే క్లోర్‌హెక్సిడిన్ పుక్కిలి మందుతో పోల్చి చూసి, పాచి తగ్గించడంలో అది తీసిపోలేదని గమనించారు. కానీ ఆ మందులో తైలాన్ని నీటితో కలిపే పదార్థాలు వేరే ఉంటాయి. ఇంట్లో గ్లాసుడు నీళ్ళలో చుక్క వేసుకుని పుక్కిలిస్తే తేలే చుక్క అలాగే నాలుకను కాలుస్తుంది. ఇంటికి సరిపోయే పద్ధతి పాతదే: చెంచాడు వామును గ్లాసుడు నీళ్ళలో మరిగించి, వడగట్టి, గోరువెచ్చగా పుక్కిలించడం. థైమాల్ కావలసినంత మాత్రమే దిగుతుంది.

పంటి నొప్పి. యూజినాల్ నరాలను మొద్దుబార్చుతుంది. దంత వైద్యులు జింక్ ఆక్సైడ్‌తో కలిపి పళ్ళకు తాత్కాలికంగా నింపే సిమెంటులో వాడేది దీన్నే. తులసి తైలంలో యూజినాల్ శాతం మొక్క రకాన్ని బట్టి బాగా మారుతుంది, కొన్నింటిలో దాని స్థానంలో మిథైల్ యూజినాల్ ఎక్కువ ఉంటుంది. ఈ మిథైల్ యూజినాల్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2023లో మనుషులకు బహుశా క్యాన్సర్ కారకమైన పదార్థాల జాబితాలో చేర్చింది. కాబట్టి పంటికి తులసి తైలం కంటే లవంగ తైలమే నమ్మకం: నువ్వుల నూనెలో కలిపిన చుక్కను దూదితో పంటికే తగిలించాలి, చిగురుకు తగలనివ్వకూడదు, అదీ వైద్యుడి దగ్గరికి వెళ్ళేదాకా మాత్రమే. రోజూ తులసి ఆకులు నమలడానికీ దీనికీ పోలిక లేదు.

జలుబు, ముక్కు దిబ్బడ. తెలుగువారికి ఈ విషయంలో సొంత చరిత్రే ఉంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు, 1920లో హైదరాబాద్‌లో జిందా తిలిస్మాత్ పుట్టింది. రెండింటిలోనూ ఎగిరిపోయే సుగంధ ద్రవ్యాలే ప్రాణం. మన అమ్మమ్మల అమృతధార కూడా ఆ కోవదే: పుదీనా పువ్వు (అంటే మెంథాల్), పచ్చకర్పూరం, వాము పువ్వు, మూడు పొడి పలుకులను ఒక సీసాలో వేసి ఊపితే నీళ్ళు చుక్క కలపకుండానే ద్రవంగా మారిపోతాయి. ఒకదాని సాంగత్యంలో ఒకటి తక్కువ వేడికే కరుగుతుంది. మా ఇంట్లో పిల్లలు దీన్ని మాయలా చూసేవారు. అయితే మెంథాల్ చేసేది ముక్కు దిబ్బడ తీయడం కాదు; చల్లదనాన్ని గుర్తించే నరాలను తట్టి, గాలి బాగా ఆడుతున్నట్టు అనిపింపజేయడం. ఆ అనుభూతి కూడా రాత్రి నిద్రకు ఉపకారమే. ఆవిరి పట్టాలనుకుంటే వేడి నీళ్ళలో గుప్పెడు తులసి ఆకులు నలిపి వేసుకోండి. అక్కడ తైలం అవసరమే లేదు.

కండరాల నొప్పి, నిద్ర. నిమ్మగడ్డి లేదా పామరోజా పలుచనతో మర్దన చేస్తే హాయిగా ఉంటుంది. అందులో మర్దన వాటా ఎంత, తైలం వాటా ఎంత అని విడదీయడం కష్టం. వట్టివేరు వాసన మనసును నెమ్మదింపజేస్తుందని చాలామంది చెబుతారు, నాకూ అలాగే అనిపిస్తుంది. వేసవిలో కిటికీలకు కట్టే వట్టివేళ్ళ తడికలు మాత్రం గదిని చల్లబరిచేది వాసనతో కాదు, ఆరిపోయే నీటితో.

దోమలు. నిమ్మగడ్డి వాసన దోమను కొంతసేపు దూరం పెడుతుంది. చర్మానికి రాయగలిగే 0.7 శాతం దీనికి చాలదు కాబట్టి తెర మీదో, గుడ్డ ముక్క మీదో చల్లుకోవాలి, గంట గంటన్నరకు మళ్ళీ చల్లాలి. డెంగీ కాలంలో దీని మీద ఆధారపడకండి, దోమతెర కట్టుకోండి.

తొమ్మిదవ మెట్టు: ఎవరు దూరంగా ఉండాలి, ప్రమాదం జరిగితే ఏం చేయాలి

నోటి ద్వారా ఏ సుగంధ తైలాన్నీ సొంతంగా తీసుకోకూడదు. రెండేళ్ళలోపు పిల్లలకు ఈ తైలాలు రాయకూడదు. పసిపిల్లల ముక్కు దగ్గర, ఛాతీ మీద జామాయిల్ తైలం, కర్పూరం, మెంథాల్ బామ్ రాయడం మన ఇళ్ళల్లో మామూలైనా మానుకోవలసిన అలవాటు. జామాయిల్ తైలం గానీ కర్పూరం గానీ ఒక చెంచాడు కడుపులోకి పోతే చిన్నపిల్లలకు ఫిట్స్ వచ్చి ప్రాణాపాయం కలగవచ్చు. దేవుడి గదిలోని హారతి కర్పూరం డబ్బా కూడా పిల్లలకు అందనంత ఎత్తులో ఉండాలన్నమాట. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఉబ్బసం, మూర్ఛ ఉన్నవారు వైద్యుణ్ణి అడగకుండా వాడవద్దు. యూజినాల్ రక్తం గడ్డకట్టడాన్ని మందగింపజేస్తుంది; రక్తం పలుచబడటానికి మందులు వాడేవారు, ఆపరేషన్‌కు సిద్ధమవుతున్నవారు తులసి, లవంగ తైలాలను పక్కన పెట్టాలి. ఇంట్లో పిల్లి ఉంటే థైమాల్, యూజినాల్ ఉన్న తైలాలు గదిలో ఆవిరి పట్టించకండి, దాని కాలేయం వాటిని వదిలించుకోలేదు.

చర్మం మండితే ముందు మామూలు వంటనూనెతో తుడిచి, తరువాత సబ్బుతో కడగండి. నీళ్ళు ముందు పోస్తే తైలం పరుచుకుంటుంది. కంట్లో పడితే పావుగంట సేపు ధారగా నీళ్ళు పోసి, మంట ఉన్నా లేకపోయినా కంటి వైద్యుడికి చూపించాలి. పిల్లలు మింగితే వాంతి చేయించవద్దు, వాంతిలో తైలం ఊపిరితిత్తుల్లోకి దిగితే అసలు ప్రమాదం అదే. 108కి ఫోన్ చేసి, సీసాను వెంట తీసుకుని ఆసుపత్రికి వెళ్ళండి.

తైలం బాగా వచ్చింది కదా అని నలుగురికీ అమ్మాలనుకునేవారికి ఒక హెచ్చరిక: వాసన ద్రవ్యంగా అమ్మడం వేరు, "ఈ తైలం ఫలానా జబ్బు తగ్గిస్తుంది" అని లేబుల్ మీద రాసి అమ్మడం వేరు. రెండవదానికి 1940 నాటి మందుల చట్టం కింద లైసెన్సు కావాలి. కొన్ని జబ్బుల పేర్లు చెప్పి ప్రచారం చేయడాన్ని 1954 నాటి చట్టం పూర్తిగా నిషేధించింది.

పదవ మెట్టు: పాతబడిన తైలం

నిమ్మగడ్డి తైలం గాలి తగిలే కొద్దీ ముదురుతుంది. రంగు చిక్కబడుతుంది, తాజా నిమ్మ వాసన తగ్గి వార్నిష్ వాసన తొంగిచూస్తుంది, సీసా మూతి దగ్గర జిగురు పట్టుకుంటుంది. అలా ముదిరిన తైలం చర్మానికి కొత్తదాని కంటే ఎక్కువ ఎలర్జీ తెస్తుంది. ఫ్రిజ్‌లో ఉంచినా ఏడాది దాటితే ఒంటికి వాడకండి. వట్టివేరు తైలం ఇందుకు విరుద్ధం, ఏళ్ళు గడిచేకొద్దీ దాని వాసన లోతెక్కుతుంది. ముదిరిన నిమ్మగడ్డి తైలాన్ని సింకులో పోయకండి. పది చుక్కలను చెంచాడు సబ్బు ద్రవంలో బాగా కలిపి, ఆ తరువాత బకెట్ నీళ్ళలో పోసి, చేతికి తొడుగు వేసుకుని గచ్చు తుడవండి. చీమల బారు ఉన్న మూలలో రెండుసార్లు తుడిస్తే సరి.